వాట్సాప్ స్టిక్కర్ గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ స్టిక్కర్ గారికి,

మీ ముఖం నాదే కాబట్టి క్షేమసమాచారాలు అడగడం లేదు. మొన్న ఫ్రెండ్ పుట్టినరోజున నోటినిండా పులిహోర కుక్కుకుని, ఒక కన్ను మూసి, చెంపకి కరివేపాకు అంటించుకుని ఉన్న నన్ను ఎవరో ఫోటో తీశారు. సాయంత్రానికి గోడ, బల్ల, పక్కనున్న వాళ్ళు అందరూ మాయమై నా తలకాయ ఒక్కటే మిగిలింది. కింద పసుపు అక్షరాల్లో 'ఇంకో గరిటె వెయ్యండి'. అలా తమరు అవతరించారు.

2018లో మీ జాతి వాట్సాప్‌లోకి వచ్చినప్పుడు నేను మూడో తరగతి. అమ్మ ఫోన్‌లో కాళ్ళూ చేతులున్న టీ కప్పు బొమ్మ పంపి మురిసిపోయేదాన్ని. ఆ కప్పుని ఎవరూ ఏడిపించలేదు.

సరే, మొదటిసారి నేనూ నవ్వాను. ఆ తర్వాత లెక్కల హోంవర్క్ అడిగితే మీరు. గుడ్ నైట్ అంటే మీరు. రెండో రోజుకి పక్క సెక్షన్ వాళ్ళ గ్రూపులోనూ మీరే. ఇక చాలు, తీసెయ్యండి ప్లీజ్ అని గ్రూపులో రాశాను. జవాబుగా ఏం వచ్చిందో తెలుసా? మీరే! ఒకరి తర్వాత ఒకరు, వరసగా, స్క్రీన్ నిండా నా నోరే. చివర్లో ఒక మెసేజ్: 'ఫీలైందిరోయ్'.

టీచర్‌కి చెప్తే, అసలు మీకు ఫోన్లెందుకని క్లాసు మొత్తానికీ క్లాసు పీకారు. అక్కేమో, పాస్‌వర్డ్ ఇవ్వకపోతే నమ్మకం లేనట్టేనని అలిగే ఫ్రెండ్స్ కంటే ఇది నయమే కదా అంది. అది ఇంకో ఉత్తరం.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలని 2023లో ఢిల్లీలో చట్టం చేశారు. మా మూడో బెంచీ మాత్రం నన్ను ఒక్క మాట అడగలేదు. పంపినవాడు ఇప్పుడు బుద్ధి తెచ్చుకుని 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కినా లాభం లేదు, స్టార్ కొట్టి దాచుకున్న ఫోన్లలో నువ్వు చిరంజీవివి.

అవునే, నిన్నే నువ్వంటున్నాను. మర్యాద అయిపోయింది.

ఒక్కడు మాత్రం విడిగా మెసేజ్ పెట్టాడు: 'నా ఫోన్‌లో తీసేశా. గ్రూపులో వాళ్ళకీ చెప్పనా, వద్దా?' వాడితో నేను ఇన్నాళ్ళూ సరిగ్గా మాట్లాడింది కూడా లేదు. చెప్పమన్నాను. చెప్పాడు. ఇప్పుడు వాడి ముఖంతో కూడా ఒక స్టిక్కర్ తయారైంది.

ఫీలయ్యానట. అవును, ఫీలయ్యాను! తీసెయ్యండి. రెండూ.