«ప్రేమ ఉంటే చాలు, పట్టా ఎందుకు?» అన్న సందేశానికి నా జవాబు

బడులు తెరిచినప్పటి నుంచి విశాఖలోని తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తిరుగుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. దాని సారాంశం ఇది: «ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడానికి స్పెషల్ బీఈడీలు, ఎంఈడీలు అక్కర్లేదు. ఓర్పు, ప్రేమ ఉంటే చాలు. కన్నతల్లి ఏ పట్టా చదివింది? హెలెన్ కెల్లర్‌కు చదువు చెప్పిన టీచరుకు ఏ డిగ్రీ ఉంది? మామూలు టీచర్లకు ఐదు రోజుల శిక్షణ ఇస్తే సరిపోయేదానికి రెండేళ్ల కోర్సులు పెట్టడం కాలేజీల వ్యాపారం. ఎవరు చెప్పినా ఆ పిల్లలు నేర్చుకునేది అంతంతమాత్రమే.»

రాసినవారికి దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. కానీ దీన్ని నమ్మి ఒక్క బడి అర్హత ఉన్న టీచరును వద్దనుకున్నా నష్టపోయేది పిల్లలే. పద్నాలుగేళ్లుగా ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే పనిలో ఉన్నాను కాబట్టి ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటిది, ప్రేమ ఉంటే చాలన్న మాట. నా దగ్గరికి ఏడేళ్ల బాబు వచ్చాడు. డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండి ఎదుగుదలను, నేర్చుకోవడాన్ని నెమ్మదింపజేసే స్థితి. గోపాలపట్నం నుంచి నాయనమ్మ రోజూ ఆటోలో తీసుకొచ్చేది. ఆమె ప్రేమకు ఎవరూ వంక పెట్టలేరు. అన్నం తినిపించేది, చొక్కా తొడిగేది, వాడు అటూ ఇటూ చూసేలోపే మంచినీళ్ల సీసా నోటికి అందించేది. ఏడేళ్లు వచ్చినా వాడు నీళ్లు కావాలని ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు మరి.

బనియను తొడుక్కోవడంతో మొదలుపెట్టాం. ఆ పనిని ఆరు అంచెలుగా విడగొట్టి, మొదటి ఐదూ నేనే చేసి, బనియను ఛాతీ దగ్గర ఆపి, కిందికి లాగడం మాత్రం వాడికి వదిలాను. చివరి అంచె ముందు నేర్పాలి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. అప్పుడు ప్రతిసారీ పని పూర్తి చేసింది వాడే అవుతాడు, ఆ సంతోషం వాడికే దక్కుతుంది. మొదట వాడి చేతుల మీద నా చేతులు. తరువాత మణికట్టు దగ్గర పట్టు. ఆ తరువాత మోచేతి మీద ఒక్క వేలు. చివరికి చూపుతో సైగ. ఏ రోజు ఎంత సాయం చేశానో పట్టికలో రాసుకున్నాను, ఎందుకంటే సాయాన్ని సమయానికి తగ్గించకపోతే పిల్లవాడు దానికే అలవాటు పడిపోతాడు. పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాలూ నాయనమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని, చేతులు ముందుకు వెళ్లకుండా ఒడిలో అదిమి పెట్టుకునేది. వాడు తడబడినప్పుడల్లా ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. ప్రేమ ఆమె దగ్గర నాకంటే ఎక్కువే ఉంది. ఎక్కడ చెయ్యి తీసెయ్యాలో మాత్రం నాకు చదువు నేర్పింది.

తల్లికి పట్టా లేదన్నది నిజమే. ఆమెకు తన బిడ్డ సంగతి నాకంటే బాగా తెలుసు. అందుకే ఒక్కో బిడ్డకు ఏం, ఎలా నేర్పాలో చెప్పే వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసేటప్పుడు ముందుగా ఆమెనే కూర్చోబెట్టి అడుగుతాం. అయితే తల్లికి ఒక్క బిడ్డ. టీచరు ముందు ఒకే గదిలో ఆటిజం ఉన్న పాప, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న బాబు, చూపు సరిగా లేని ఇంకొకరు ఉంటారు. వికలాంగుల కోసం చేసిన 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఇన్ని రకాల పిల్లలకు ఎలా చెప్పాలో టీచరుకు తెలియాలి.

చిన్నప్పుడే చూపు, వినికిడి రెండూ పోయినా చదువుకుని రచయిత్రి అయిన అమెరికన్ హెలెన్ కెల్లర్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఉదాహరణ సందేశం రాసినవారికే ఎదురు తిరుగుతుంది. ఆమె టీచరు ఆన్ సలివాన్‌కు విశ్వవిద్యాలయ డిగ్రీ లేదు, ఒప్పుకుంటాను. కానీ సలివాన్ బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో ఆరేళ్లు చదివి, 1886లో తన తరగతిలో ప్రథమురాలిగా బయటికి వచ్చింది. ఆమెకే చూపు సరిగా లేదు. చూపు, వినికిడి రెండూ లేని లారా బ్రిడ్జ్‌మన్ ఆ పాఠశాలలోనే ఉండేది. ఆమెతో మాట్లాడడానికి సలివాన్ వేళ్లతో అరచేతిలో అక్షరాలు రాసే పద్ధతి నేర్చుకుంది. కెల్లర్ కుటుంబం నుంచి కబురు వచ్చాక వెంటనే రైలెక్కలేదు. లారాకు చదువు చెప్పిన డాక్టర్ హోవ్ రాసిపెట్టిన నివేదికలను నెలల తరబడి చదివి, 1887 మార్చిలో అలబామా చేరింది. బోరింగు కింద నీళ్లు పడుతుండగా హెలెన్ అరచేతిలో «నీళ్లు» అన్న మాట రాసిన సంఘటన ఏప్రిల్‌లో జరిగింది. అందరికీ గుర్తున్నది ఆ బోరింగు. దాని వెనక ఏళ్ల తరబడి సాగిన శిక్షణ, అర్ధశతాబ్దంగా ఒక పాఠశాల కూడబెట్టిన అనుభవం ఉన్నాయి. మన స్పెషల్ బీఈడీ చేయాల్సిన పనీ అదే: ముందువాళ్లు నేర్చుకున్నది తరువాతివాళ్లకు అందించడం.

ఇక ఐదు రోజుల శిక్షణ. అది కావాలి, తరగతి టీచర్లందరికీ కావాలి. బోర్డు వైపు తిరిగి పాఠం చెబితే వినికిడి లోపమున్న పిల్లకు పెదవులు కనిపించవని తెలుసుకోవడానికి ఐదు రోజులు చాలు. కానీ ఆ పిల్ల చెవిలోని యంత్రం ఈ ఉదయం సరిగా పనిచేస్తోందో లేదో చూడాలంటే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, శ్, స్, మ్ అనే ఆరు ధ్వనులు ఒక్కొక్కటిగా పలికి, ఏది వినబడలేదో గుర్తించి, అది దేనికి సూచనో తెలియాలి. చూపు లేనివారు వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి, బ్రెయిలీ సంగతి చూడండి. తెలుగు బ్రెయిలీలో గుడి, దీర్ఘం అక్షరానికి అంటుకోవు, పూర్తి అచ్చులుగా పక్కన వచ్చి చేరతాయి. «విశాఖ» అని రాయాలంటే వ, ఇ, శ, ఆ, ఖ అని ఐదు గడులు. «అమ్మ» అని రాయాలంటే అ తరువాత పొల్లు గుర్తు ముందు వచ్చి, ఆ పైన రెండు మలు వస్తాయి. బ్రెయిలీ స్లేటు (గడులున్న పలక) మీద స్టైలస్ అనే మొనదేలిన పుల్లతో గుచ్చేటప్పుడు ఇదంతా కుడి నుంచి ఎడమకు, తిరగేసి రాయాలి. దీన్ని వారం రోజుల్లో నేర్చుకుని మరొకరికి నేర్పగలమని ఎవరైనా అంటే నేను నమ్మను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ప్రవర్తన విషయం. ఒక బడిలో తొమ్మిదేళ్ల బాబు లెక్కల పీరియడ్ మొదలవగానే చెయ్యి కొరుక్కునేవాడు. మంచి మనసున్న టీచరు, దగ్గరికి తీసుకుని, చాక్లెట్ ఇచ్చి, వరండాలోకి తీసుకెళ్లేవారు. నెల తిరిగేసరికి చేతి మీద పుండ్లు పడ్డాయి. కొరకడానికి ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది అని వారం రోజులు రాసి చూస్తే విషయం బయటపడింది: లెక్కలు తప్పించుకోవడానికి వాడికి దొరికిన ఒకే దారి అది. లెక్కను వాడి స్థాయికి తగ్గించి, «ఆపండి» అని చెప్పడానికి ఒక కార్డు చేతికి ఇచ్చాక పుండ్లు మానాయి. ఆ టీచరు తప్పు ఏమీ లేదు. ఆవిడకు ఎవరూ నేర్పలేదు, అంతే.

కాలేజీల వ్యాపారం అన్నది కొంతవరకు నిజం. హాజరు లేకుండా పట్టా ఇచ్చే చోట్లు ఉన్నాయని ఈ రంగంలో అందరికీ తెలుసు, నాకూ కోపమే. కానీ దొంగ మందులు అమ్ముతున్నారని వైద్యవిద్యను ఎత్తేయం కదా. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చేది ఆ మండలే. చదివినవారు దాని రిజిస్టరులో నమోదు కావాలి. మీ బిడ్డకు చెప్పే టీచరును ఆ నమోదు సంఖ్య అడగండి, అడగడం మీ హక్కు. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఇంతమందిని తయారు చేయాలంటే వారికి పాఠం చెప్పే అధ్యాపకులు కావాలి, ఎంఈడీ అవసరం అక్కడే వస్తుంది. ఇంకో పనీ ఉంది. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల గురించిన పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల తారుమారు గురించే మాట్లాడతాయి. మన పిల్ల «అమ్మ»ను «అమ» అని చదివితే, ఒత్తు కనబడక చదివిందా, వినబడక చదివిందా, గుణింతం భారానికి వదిలేసిందా అని తేల్చే పరిశోధన తెలుగులో మనమే చేసుకోవాలి.

నేర్చుకునేది అంతంతమాత్రమే అన్న చివరి మాటకు పెద్దగా వాదించను. గోపాలపట్నం బాబుకు ఇప్పుడు పదిహేనేళ్లు. మొన్న ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నాయనమ్మతో బస్సు కోసం చూస్తూ దాహం వేసి, ఆమెను అడగకుండా తనే దుకాణానికి వెళ్లాడట. నీళ్ల సీసా వేలితో చూపించి, యాభై నోటు ఇచ్చి, మిగతా డబ్బు చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడట.