జలపాతానికీ తిథి ఉంటుంది

మా ఫ్యామిలీ గ్రూపులో నిన్న చిన్నాన్న కొడుకు ఒక ప్యాకేజీ పోస్టరు పడేశాడు. శ్రీలంక, ఐదు రోజులు, నాలుగు రాత్రులు, ఏడు జలపాతాలు, రామాయణ స్థలాలు, క్యాండీ బౌద్ధోత్సవం, ఇండియన్ ఫుడ్ గ్యారంటీ. కింద "వెళ్దామా అక్కా?" అని ఒక ముక్క. జవాబు టైపు చేయడం మొదలుపెడితే ఆగలేదు. గ్రూపులో పెడితే పెద్దనాన్న చదవకుండానే దండం ఎమోజీ పెడతారు, అందుకని ఇక్కడ పెడుతున్నా. తమ్ముడూ, ఇది నీకే. మిగతావాళ్ళు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

ఇలాంటి ప్యాకేజీలోనే, కాకపోతే ఇంకొన్ని రోజులు ఎక్కువున్నదాంట్లో, నేను 2023 ఆగస్టులో వెళ్ళాను. ఇరవై రెండు మందిమి, ఒక బస్సు. ఏజెంటు పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, అందరూ ఒకటే తాను ముక్కలు. ఎల్ల ఊరి దగ్గర రావణ ఎల్ల అనే జలపాతం రోడ్డు పక్కనే ఉంటుంది. ఎల్ల అంటే సింహళంలో జలపాతమే. బస్సు ఆపి "ఇరవై నిమిషాలు" అన్నారు. దిగి చూస్తే నల్లటి రాయి మీద ట్యాంకు పొంగినప్పుడు గోడ మీద కారేటంత నీళ్ళు. కోతులు మాత్రం పుష్కలం. మా గ్రూపులో ఒకాయన పోస్టరు ఫోటో తీసి రాయి పక్కన పెట్టి మరీ పోల్చి చూసుకున్నాడు. డ్రైవరు నవ్వి, "సార్, డిసెంబర్ కమ్" అన్నాడు.

మర్నాడు ఎల్ల నుంచి దక్షిణానికి దిగుతుంటే దారిలో దియలుమ. 220 మీటర్లు, ఆ దేశంలో బంబరకంద తర్వాత ఎత్తయినది ఇదే. ఆ ఆగస్టులో అది కొండ మీద ఎవరో సున్నంతో గీసిన గీతలా ఉంది. "ఇదేనా?" అన్నారు వెనక సీట్లోంచి. ఇదే. కాకపోతే ఇప్పుడు కాదు.

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. ఆ దీవి మధ్యలో కొండలున్నాయి. నైరుతి వానలు మే నుంచి సెప్టెంబరు దాకా పడమటి వైపు కురుస్తాయి. తూర్పు వైపు ఉవ ప్రాంతం, అంటే రావణ ఎల్ల, దియలుమ, బదుల్ల దగ్గరి దున్హింద ఉన్న చోటు, ఆ నెలల్లో ఎండిపోతుంది. దానికి నీళ్ళు అక్టోబరు తర్వాత వస్తాయి, జనవరి దాకా బాగుంటాయి. మనకి కొత్తా ఇది? ఆదిలాబాద్ జులైలో తడిస్తే నెల్లూరు నవంబరులో తడుస్తుంది. అక్కడ అదే తేడా రెండు మూడు గంటల కారు ప్రయాణంలో కనిపిస్తుంది, అంతే. బొగత చూడటానికి ఏప్రిల్లో ఎవరైనా బయలుదేరతారా? కుంటాలకి ఎండాకాలం వెళ్ళొచ్చి "మోసం" అని అరుస్తారా? ఇంటి దగ్గర ఉన్న ఆ పాటి తెలివి పాస్‌పోర్టు చేతికి రాగానే ఎటు పోతుందో నాకర్థం కాదు.

నా గొడవంతా ఇదే. జలపాతాన్నీ, పండగనీ కూడా "స్పాట్" అని అమ్ముతున్నారు. చార్మినార్ స్పాట్. అది ఎప్పుడెళ్ళినా ఉంటుంది. జలపాతం నీళ్ళు ఉన్నప్పుడే జలపాతం, పండగ పున్నమి ఉన్నప్పుడే పండగ. రెండూ క్యాలెండరులో ఉండే విషయాలు, మ్యాపులో కాదు. ఆ దేశంలో ప్రతి పౌర్ణమీ సెలవే. పోయ అంటారు. దాన్ని చూడకుండా టికెట్లు కొనడం అంటే తిథి చూడకుండా పెళ్ళికి బయలుదేరడం.

అన్నట్టు ఆ పోయ మాకూ తగిలింది. ఆ రోజు మద్యం అమ్మరు. మా బస్సులో నలుగురు మగవాళ్ళు ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ చూడాలి, విమానం తప్పిపోయినవాళ్ళు కూడా అంత దిగులుపడరు. "ముందే చెప్పాలి కదా, డబ్బులు వెనక్కివ్వండి" అని గొడవ. పున్నమి గురించి ముందే చెప్పాలట! ఇంటి గోడకి వేలాడే క్యాలెండరు చెప్పదా?

ఇప్పుడు క్యాండీ సంగతి. పోస్టరులో బౌద్ధోత్సవం అన్నది ఎసల పెరహెర అనే ఊరేగింపు, అది పది రాత్రులు జరుగుతుంది. మొదటి ఐదూ కుంబల్, తర్వాతి ఐదూ రన్దోలి. ఏనుగులు, నాట్యబృందాలు, వైభవం రోజురోజుకీ పెరుగుతూ పున్నమి ముందు రాత్రుల్లో పతాక స్థాయికి చేరతాయి. మా ఏజెంటు మమ్మల్ని కుంబల్ రోజుల్లో తీసుకెళ్ళాడు, హోటలు చవగ్గా దొరుకుతుందని. సరే, అదీ బాగానే ఉంటుంది. పేవ్‌మెంటు మీద చాపలు పరుచుకుని కుటుంబాలు మధ్యాహ్నం నుంచే కూర్చున్నాయి. మా పక్క చాప మీది ఆవిడ పొట్లంలోంచి గుగ్గిళ్ళు తీసి నా చేతిలో పోసింది. శనగలే, కొబ్బరి ముక్కలు, ఎండుమిర్చి వేసి తాలింపు. అచ్చం నవరాత్రుల ప్రసాదం. వాళ్ళబ్బాయిని "మల్లీ" అని పిలుస్తుంటే నేను రెండుసార్లు "మళ్ళీ ఏంటి?" అనుకున్నాను. మల్లీ అంటే తమ్ముడట. అక్క అంటే మాత్రం అక్కే. కాసేపటికి ఆవిడకి నేను అక్కనైపోయాను.

చీకటి పడ్డాక ముందు కొరడాల చప్పుడు వినబడింది. ఊరేగింపు వస్తోందని చెప్పడానికి కొరడాలు ఝళిపించేవాళ్ళే ముందు నడుస్తారు. తర్వాత కాగడాలు. ఇనుప బుట్టల్లో ఎండుకొబ్బరి మండిస్తారు. ఆ వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది, గానుగ దగ్గర కొబ్బరి నూనె వాసనకి పొగ కలిసినట్టు. ఒకడు నడుస్తూ నడుస్తూ సంచీలోంచి చిప్పలు తీసి కాగడాలో వేస్తున్నాడు. నిప్పురవ్వలు మా చాప దాకా వచ్చాయి, ఎవరూ కదల్లేదు. తర్వాత డోళ్ళు, సన్నాయిలాంటి హొరణె, బల్బులు కుట్టిన గుడ్డలు కప్పుకున్న ఏనుగులు. బుద్ధుడి దంతధాతువుకి, అంటే అక్కడి గుడిలో ఉన్న ఆయన పంటికి, గుర్తుగా కరండం (భరిణె) మోసే పెద్ద దంతపుటేనుగు ఇంకా వెనక ఉంది. దాని అడుగుల కింద తెల్లటి గుడ్డ పరుస్తారు. అసలు ధాతువు గుడి దాటి బయటికి రాదు, ఊరేగేది కరండం మాత్రమే.

ఆ ఏనుగుని నేను చూడలేదు. ఎందుకంటే తొమ్మిదిన్నరకి మా గైడు జెండా ఊపుతూ వచ్చి, "డిన్నర్ టైం, రెస్టారెంట్ క్లోజ్ అవుతుంది" అన్నాడు. ఇండియన్ ఫుడ్ గ్యారంటీ కదా. ఊరేగింపు సగంలో లేచి, చాపల మీది జనం కాళ్ళు దాటుకుంటూ, పనీర్ బటర్ మసాలా కోసం వెళ్ళిపోయాం. గుగ్గిళ్ళావిడ నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. కథ సగంలో లేచిపోతున్నవాళ్ళ మీద హరిదాసుకి ఉండే జాలి అది.

ఏనుగుల విషయంలో నాకు మనసు కుదురుగా లేదు, అది కూడా చెప్పాలి. కాళ్ళకి గొలుసులుంటాయి. 2019లో తికిరి అనే డెబ్బై ఏళ్ళ ఏనుగు ఫోటో ప్రపంచమంతా తిరిగింది. మెరిసే గుడ్డ కింద ఎముకల గూడు. మరుసటి నెలే చచ్చిపోయింది. ఆ చాప మీద కూర్చుని చప్పట్లు కొట్టినప్పుడు నాకది గుర్తు రాలేదు, హోటలుకి వెళ్ళి పడుకున్నాక గుర్తొచ్చింది. పండగ బాగుందనడానికీ, ఇది బాగాలేదనడానికీ మధ్య నేనింకా తేల్చుకోలేదు.

బస్సులో గైడు రెండు గంటలు రావణుడు విమానం దింపిన చోటు గురించి చెప్పాడు. మనవాళ్ళు అడిగేది అదే కాబట్టి అతన్నీ తప్పు పట్టలేం. కానీ క్యాండీలో నిలబడి మనవాళ్ళతో చెప్పాల్సిన కథ ఇంకోటుంది. 1739 నుంచి 1815 దాకా ఆ కొండరాజ్యాన్ని ఏలినది నాయక్కర్ వంశం. మదురై నాయకులతో చుట్టరికం ఉన్నవాళ్ళు, తెలుగు మూలాలవాళ్ళు. వాళ్ళలో రెండో రాజు కీర్తి శ్రీ రాజసింహ. శైవుల ఇంటి నుంచి వచ్చినవాడు. భిక్షువులకి పూర్తి దీక్ష (ఉపసంపద) ఇచ్చే పరంపర అక్కడ తెగిపోతే, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులని పిలిపించి 1753లో మళ్ళీ నిలబెట్టాడు. అప్పటిదాకా ఎసల ఊరేగింపు దేవతలది. అందులో దంతధాతువుని చేర్చి అన్నిటికంటే ముందు నడిపించినది ఈయన కాలంలోనే. విభూతి పెట్టుకునే రాజు మనకొద్దని 1760లో ఆయన్ని చంపడానికి కుట్ర కూడా జరిగింది. మనం అరవై కిలోమీటర్ల స్పీడులో దాటేసిన ఆ గుడి వెనక ఇంత ఉంది.

ఆ దంతం కళింగలోని దంతపురం నుంచి వచ్చిందని వాళ్ళ గ్రంథాలంటాయి. హేమమాలి అనే రాకుమారి కొప్పులో దాచి ఓడెక్కిందట. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోదే అనేవాళ్ళున్నారు, ఒడిశాలోది అనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగవు నేను తీర్చను. నాగార్జునకొండలో మాత్రం సింహళ విహారం అని శాసనంలోనే ఉంది. వాళ్ళ భిక్షువులు కృష్ణ ఒడ్డున ఉండి వెళ్ళారు. మనం వాళ్ళ కొండకి వెళ్ళి పనీర్ తిని వచ్చాం.

సరే, కోపం చాలు. 2024 మేలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఏజెంటు లేడు, అమ్మా నేనూ, ఒక కారు. మే 23న వేసక్. అమ్మ క్యాలెండరు చూసి, "ఇది మన వైశాఖ పౌర్ణమే కదే" అంది. అదే. బుద్ధుడు పుట్టిందీ, జ్ఞానం పొందిందీ, పరినిర్వాణం చెందిందీ ఈ తిథినే అని వాళ్ళ నమ్మకం. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో 1885లో ఆ రోజుకి సెలవు సాధించుకున్నారు, ఇప్పుడు మనం చూసే ఐదు రంగుల బౌద్ధ జెండా మొదటిసారి ఎగిరింది ఆ ఏడాది వేసక్ రోజునే.

ఆ రోజు పొద్దున గుడి నిండా తెల్లబట్టలు. ముసలమ్మలు అష్టశీలం పట్టి సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చుంటారు. అమ్మ కూడా తన తెల్లచీర కట్టుకుని వాళ్ళ పక్కన కూర్చుంది, భాష ఒక్క ముక్క రాకుండా. (బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగొద్దు, దయచేసి. 2012లో విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటూ ఫోటో దిగిన ఫ్రెంచి పర్యాటకులకి అక్కడి కోర్టు శిక్ష వేసి సస్పెండ్ చేసింది.) చీకటి పడగానే వీధులన్నీ వేసక్ కూడులే. కూడు అనగానే నేను అన్నం అనుకున్నాను. వెదురు పుల్లలూ పల్చటి రంగు కాగితాలతో చేసిన ఎనిమిది మూలల లాంతర్లు అవి, మన గూడు లాంటి మాట. కూడళ్ళలో తోరణలు, అంటే మూడు నాలుగు అంతస్తుల ఎత్తు చట్రం మీద జాతక కథల బొమ్మలు, చుట్టూ వేల బల్బులు వెలిగి ఆరుతూ. మైకులో ఎవరో కథని పద్యాలుగా పాడుతున్నారు. అచ్చం మా ఊరి తిరునాళ్ళలో ప్రభల కింద నిలబడ్డట్టుంది అంది అమ్మ.

ఇంక దన్సల్. దానశాల అన్న మాటే అరిగి అలా అయింది. శ్రీరామనవమికి మనం పందిరి వేసి పానకం ఇస్తాం కదా, అదే, కానీ ఊరూరా, వీధివీధికీ. ఒకచోట అన్నం కూర, ఒకచోట ఐస్‌క్రీం, ఒకచోట వట్టి కాఫీ. జెండాలు పట్టుకున్న కుర్రాళ్ళు రోడ్డు మధ్యలో నిలబడి బస్సులు ఆపేస్తారు. మీరు తినకపోతే వాళ్ళకి పుణ్యం తక్కువవుతుందన్నట్టు బతిమాలతారు. పడమటి కొండల్లోని హటన్ దారిలో, వానలో, మా కారు అలాగే ఆపారు. ఉడికించిన కర్రపెండలం, పక్కన పచ్చికొబ్బరీ ఎండుమిర్చీ దంచిన కారం. అమ్మ సగం తిని, "ఇందులో కాస్త చింతపండు పడితేనా" అంది. ఇంకో ముక్క అడిగి వేయించుకుంది కూడా.

ఆ వానే మమ్మల్ని డెవన్ జలపాతం దగ్గరికి తీసుకెళ్ళింది. 97 మీటర్లు, టీ తోటల మధ్య. చూడటం తర్వాత, ముందు చెవుల్లోకి వచ్చింది. గట్టిగా మాట్లాడితే గానీ పక్కనున్న అమ్మకి వినబడలేదు. దానికి దగ్గర్లోనే సెయింట్ క్లేర్స్, వెడల్పుగా రెండు మెట్లలో దూకుతుంది. లంక నయాగరా అంటారు. 2012లో మొదలైన ఎగువ కొత్మలే జలవిద్యుత్ ప్రాజెక్టు ఆ నీళ్ళని సొరంగంలోకి మళ్ళించింది. పగటిపూట కొంత వదులుతారు. అంటే దానికి ఇప్పుడు తిథి మాత్రమే కాదు, డ్యూటీ టైమింగ్స్ కూడా ఉన్నాయి. కరెంటు వద్దని నేనెవరిని అనడానికి? మనం శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చూసి బయలుదేరే జాతే కదా.

నేను మేలో వెళ్ళాను కదా అని గుడ్డిగా వెళ్ళకు తమ్ముడూ. 2016లోనూ 2017లోనూ ఇదే నెలలో అక్కడ వరదలొచ్చాయి, కొండచరియలు విరిగిపడి ఊళ్ళే పోయాయి. వాతావరణ హెచ్చరిక ఉంటే కొండెక్కకు, టికెట్టు డబ్బులు పోతే పోయాయి. కొలనుల్లో దిగడం, అంచు మీద నిలబడి రీల్స్ తీయడం వద్దు. జలగలుంటాయి, ఉప్పు పట్టుకెళ్ళు. నీకు వేసవి సెలవులే కుదురుతాయి కాబట్టి వేసక్, పడమటి జలపాతాలు నీ పిల్లలకి సరిపోతాయి. దియలుమ కావాలంటే సంక్రాంతి సెలవులు వాడుకో. ఏడు జలపాతాలూ ఒకే ట్రిప్పులో అన్నవాడి దగ్గర మాత్రం అడ్వాన్సు కట్టకు.

అమ్మ ఆ రోజు మడిచి తెచ్చుకునే రకం లాంతరు ఒకటి కొంది. మొన్న వైశాఖ పౌర్ణమికి బాల్కనీలో కట్టి లోపల చిన్న బల్బు పెట్టింది. ఎదురు ఫ్లాట్ ఆవిడ బయటికొచ్చి చూసి, "ఇంకా క్రిస్మస్ స్టార్ తీయలేదా పిన్నిగారూ?" అని అడిగింది.