మా భాగవతం ఇంకా హౌస్‌ఫుల్ అట

డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు 7 నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్లమ్మ మోకాలి ఆపరేషన్ అయినప్పుడు పెట్టింది 40 సెకన్లు, అది వేరే సంగతి. "మామా, న్యూయార్క్‌ల నాటకాల అడ్డా బ్రాడ్‌వే, అక్కడ వికెడ్ అని పాటల నాటకం. 2003ల మొదలైతే సినిమా వచ్చింది 2024ల. చికాగో అని ఇంకో నాటకానికైతే 1975 నుంచి 2002 దాకా పట్టింది. ఎందుకో ఎరుకనా? నాటకానికి టికెట్లు తెగినన్ని రోజులు వాళ్లు సినిమాకు తొందరపడరు. సినిమా వస్తే నాటకానికి ఎవడొస్తడు? ప్లానింగ్ అంటే అది మామా."

ఆ చివరి మాట నా మీదికే అని తెలిసినా రెండుసార్లు విన్నాను. విన్నాక జ్ఞానోదయమైంది. నాటకం ఎంత బాగా ఆడితే సినిమా అంత ఆలస్యం. ఆ లెక్కన మా నకిరేకల్ పక్క ఊళ్లో రాత్రంతా పాడుతూ ఎగురుతూ ఆడే వీధి నాటకం, చిందు భాగవతం, ప్రపంచంలోనే పెద్ద హిట్ అయి ఉండాలి. తాతముత్తాతల నుంచి ఆడుతున్నారు, దాన్ని సినిమాగా తీసినవాణ్ని నేనైతే చూడలేదు. మద్దెల కొట్టే పెద్దాయన నిర్మాతలకు డేట్లు ఇవ్వడం లేదు కాబోలు. పగలు బత్తాయి తోటలో కూలికి పోయేది ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల కళ్లు కప్పడానికే అయి ఉంటుంది.

అల్లుడికి తెలియనిది ఏమిటంటే తెలుగు టాకీ పుట్టిందే నాటకం కడుపున. 1931 మార్చిలో దేశంలో మొదటి టాకీ, హిందీ ఆలం ఆరా వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 1932 ఫిబ్రవరిలో మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద. సురభి నాటక సమాజం వాళ్లు ఆడుతున్న నాటకమే, బొంబాయికి పిలిపించుకుని హెచ్.ఎం. రెడ్డి తీశాడు. ప్లేబ్యాక్ లేని రోజులు, నటుడే పాడాలి, నోటినిండా పద్యాలున్న మనుషులు రెడీగా దొరికారు. 1936లోనైతే ద్రౌపది వస్త్రాపహరణాన్ని రెండు కంపెనీలు ఒకేసారి తీశాయి, ఒక్క చీరకు ఇద్దరు నిర్మాతలు! (పద్యాల్లేని కన్యాశుల్కం మాత్రం 1892లో స్టేజీ ఎక్కి 1955 దాకా లైన్లో నిలబడింది.) పెట్టుబడి పెట్టేవాడికి ఏ నాటకం తెలుసో అది తొందరగా సినిమాలోకి పోయింది. మా దిక్కు మేళం ఎవడికి తెలుసు?

అట్లని సినిమావాళ్లు మా దగ్గరికి రాలేదంటే కళ్లు పోతాయి. మూడేళ్ల కింద వచ్చారు. టోపీ పెట్టుకున్న అసిస్టెంట్ డైరెక్టర్ ఒకతను "అథెంటిక్‌గా కావాలి" అన్నాడు. మేళం వాళ్లు సాయంత్రం నాలుగింటికే ముఖాలకు రంగేసుకుని, గజ్జెలు కట్టుకుని, కిరీటాలూ భుజకీర్తులూ పెట్టుకుని కూర్చున్నారు. రాత్రి పదకొండుకు పిలుపొచ్చింది.

"కథ ఎంతసేపు?"

"జాంబపురాణం సార్, తెల్లారుతది."

"మనకు 9 సెకన్లు చాలు."

"తొమ్మిది సెకన్లల్ల గణపతి ప్రార్థన గూడ గాదు గదా సార్."

"ప్రార్థన వద్దు పెద్దాయనా, డైరెక్ట్‌గా ఎగరండి."

ఎగిరారు. కిరీటం లైటుకు మెరుస్తోంది, తీసేయమన్నాడు. రాజుగారు బోడినెత్తితో నిలబడ్డాడు. గజ్జెల చప్పుడు డైలాగ్‌కు అడ్డమొస్తోందంటే అవీ విప్పారు. ఇక మద్దెల. అది కనపడాలి కానీ వినపడొద్దట, సౌండ్ తర్వాత హైదరాబాద్‌లో వేస్తారట. ఆ పెద్దాయన అరగంట సేపు, చెయ్యి తోలుకు ఆననియ్యకుండా గాలిలో మద్దెల వాయించాడు, నేను అక్కడే ఉన్నాను. ఒకసారి అలవాటు కొద్దీ దెబ్బ పడింది. "కట్" అని అరిచి తిట్టాడు టోపీ ఆయన.

సినిమాలో హీరో ఎవణ్నో చెంప మీద కొడుతుంటే వెనక మసకగా మా వాళ్లున్నారు. ఫోన్‌లో ఆపి ఆపి చూశాను. బుడ్డర్‌ఖాన్ వేషంది ఒక భుజం కనిపించింది. ఆ భుజం బుడ్డర్‌ఖాన్‌ది కాదు, రాజుదని ఊళ్లో ఇప్పటికీ పంచాయితీ.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. కానీ ఆ రాత్రి షాట్ల మధ్య ఖాళీగా కూర్చుని పెద్దాయన ఒక దరువు పాడుతుంటే, ఇంకో పిల్లగాడు ఫోన్ ముందుపెట్టి "ఇంకోసారి తాతా, ఇంకోసారి" అని మూడుసార్లు పాడించుకుపోయాడు. ఎనిమిది నెలలకు అదే దరువు బీట్లు తగిలించుకుని పెళ్లి బరాత్‌లలో మోగింది. పాట కింద పేర్లు వేసే చోట ఏముంది? 'జానపదం'. ఎవడయ్యా ఈ జానపదం? ఆధార్ ఉందా వాడికి, బ్యాంకు ఖాతా ఉందా? మూడుసార్లు పాడించుకున్నోడికి ఒక్కసారి పేరు అడగడానికి నోరు రాలేదా? బిర్యానీ ప్యాకెట్లు లెక్కపెట్టి ఇచ్చినోళ్లకు మనుషుల పేర్లు రాసుకోవడానికి కాగితం దొరకలేదా? పేరు పడ్డవాళ్ల గతి మాత్రం ఏమైంది? నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్యకు 2021లో సినిమా పాటతో పేరొచ్చింది, 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన ఇల్లు కట్టేచోట కూలిపని చేస్తున్న వీడియో వచ్చింది. పేరే పడనోడికి ఆ వీడియో కూడా ఉండదు.

నీ వికెడ్‌కు పట్టిన 21 ఏళ్లు ఏంది అల్లుడా, మా దగ్గర ఎనిమిది నెలల్లో పోతది. పాటొక్కటే పోతది.

మొన్న ఆ వాయిస్ మెసేజ్ పెద్దాయనకు వినిపించాను. బత్తాయిల గంప మీద కూర్చుని ఏడు నిమిషాలూ విన్నాడు. "మరి ఆ ఇరవై ఒక్క ఏండ్లు ఆడినోళ్లకు కైకిలి ఏ రోజుదారోజు ఇచ్చిండ్రా?" అన్నాడు.

అడిగి చెప్తానన్నాను. డల్లాస్‌లో ఇప్పుడు రాత్రి.