మహారాజశ్రీ నియోప్రీన్ గ్లవ్స్ గారికి

3 ఎం.ఎం. మందం గల కృత్రిమ రబ్బరు గ్లవ్స్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే మనసొప్పడం లేదు. తమరు బాత్‌రూమ్‌లో షవర్ రాడ్‌కి వేలాడుతూ, ఇంకా నీళ్లు కారుస్తూ, కులాసాగానే ఉన్నారు. కుశలం లేనిదల్లా నా వేళ్లకే.

ఇవాళ సియాటెల్‌లోని లేక్ యూనియన్ చెరువులోంచి కయాక్ (సన్నటి తెడ్డుపడవ) ఒడ్డుకి లాగి, కారు తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెడితే, ఆ చెయ్యి దేన్ని పట్టుకుందో దానికే తెలియలేదు. గ్యాస్ వర్క్స్ పార్కు అవతలి ర్యాంపు దగ్గర కుక్కని తిప్పుతున్న పెద్దావిడని బతిమాలి, నా జేబులోంచి నా తాళంచెవి తీయించుకున్నాను. ఆవిడ జాలిపడింది. కుక్క తమర్ని ఒకసారి వాసన చూసి వెనక్కి జరిగింది. (తమరి వాసన గురించి ఇంకోసారి.)

ప్యాకెట్ మీద "వెచ్చగా ఉంచును" అని ఉంది. ఎవర్ని? 1930లో ప్రయోగశాలలో పుట్టిన ఘనమైన వంశం కదా, లోపలికి నీళ్లెందుకొస్తున్నాయని షాపులో అడిగితే, రావడమే మంచిదట! ఆ కాసిని నీళ్లూ లోపలే చిక్కుకుని, నా ఒంటి వేడికి వెచ్చబడి, ఆ వెచ్చదనం తిరిగి నాకే దక్కుతుందట. అంటే డబ్బు నాది, వేడి నాది, కాగేది 8 డిగ్రీల చెరువు నీళ్లు. పోనీ అవైనా నిలకడగా ఉంటాయా? తెడ్డు ఎత్తిన ప్రతిసారీ కర్ర వెంట జారి, నీళ్లని ఆపడానికి కర్రకి తొడిగిన డ్రిప్ రింగుల్ని దాటి, మణికట్టు దగ్గర తమరి వదులు అంచులోంచి కొత్త నీళ్లు దిగుతాయి. వేడిని గుంజుకోవడంలో నీరు గాలికి దాదాపు 25 రెట్లు. రక్తం వేళ్లని వదిలేసి గుండె వైపు పారిపోయాక, తమరి నీళ్లు కాచడానికి నా దగ్గరేం మిగిలింది? చలి కాచుకుందామని కొనుక్కుంటే నన్నే కుంపటి చేశారు!

ఒంపేద్దామని నడి చెరువులో విప్పానా, లోపలి వేళ్లన్నీ తిరగబడి బయటికొచ్చాయి. తడిచేత్తో వాటిని మళ్లీ లోపలికి తోయడం ఎవడి తరం? తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలులోకీ నోటితో ఊదుతుంటే, అటునుంచి సీప్లేన్ దిగుతోంది. పక్కకి జరుగుదామంటే తెడ్డు పట్టు చిక్కదు. సిగ్గు లేదూ నీకు? అవును, నువ్వే. మీరూ తమరూ అనే ఓపిక ఇక నాకు లేదు.

పోగీలు ఆర్డర్ చేశాను. తెడ్డుకి తొడిగే ఆ సంచుల్లో చేతులు దూర్చి, ఒట్టి చేత్తోనే కర్ర పట్టుకోవచ్చు. గోక్కోవాలంటే చెయ్యి బయటికి తీయాల్సిందే, నిజమే. ముక్కు దురదైనా ఓర్చుకుంటాను గానీ నిన్నోర్చుకోను.

ఇట్లు,
నీ కుంపటి

తా.క.: ఈ ఉత్తరం ఫోన్‌కి నోటితో చెప్పి రాయించింది. అచ్చుతప్పులుంటే అవీ నీ ఖాతాలోనే.