సీమ కుక్కకు మెత్తని బొమ్మా?

అనంతపురంలో కుక్కకు ఆటబొమ్మ కొనడమంటే పరువుకు సంబంధించిన వ్యవహారం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ముందే మనవి. లాబ్రడార్‌నో జర్మన్ షెపర్డ్‌నో తెచ్చుకున్న పెద్దమనిషి షాపులో అడిగే ప్రశ్న ఒకటే: "ఇంతకన్నా గట్టిది ల్యాదా ప్పా?" సైజు అడగడు, కుక్క వయసు చెప్పడు. షాపాయన 'అన్‌బ్రేకబుల్' అని రాసున్నది తీసి కౌంటరు మీద టకటకా కొట్టి చూపిస్తాడు. కౌంటరుకు సొట్ట పడితే బేరం కుదిరినట్టే.

గట్టితనమే కావాలంటే ఇంత ఖర్చెందుకన్నది నా అభ్యంతరం. పక్క జిల్లాలో కడప బండ ఉంది కదా. నోటికి పట్టేంత ముక్క కోయించి, అంచులు పాలిష్ పట్టించి ఇస్తే కుక్క పోయినా బొమ్మ ఉంటుంది, మనవళ్లు పెంచుకునే కుక్కకూ పనికొస్తుంది, స్థానిక పరిశ్రమను ఆదుకున్నట్టూ ఉంటుంది.

కానీ పశువైద్యులు పడనివ్వరు. ఎదిగిన కుక్కకు 42 పళ్లట, పై దవడలో వెనక వైపు నమిలే పెద్ద పన్ను మరీ గట్టిదాని మీద పడితే పెచ్చు లేచిపోతుందట. అందుకని బొటనవేలి గోరుతో నొక్కితే బొమ్మ కాస్తయినా లొంగాలంటారు. ఎముక ఫెయిలు, గట్టి నైలాన్ ముక్క ఫెయిలు, నా కడప బండ సంగతి చెప్పనే అక్కర్లేదు. కూనలకైతే 28 పాలపళ్లే, అవి ఊడి కొత్తవి వచ్చేదాకా ఇంకా మెత్తనివి ఇవ్వాలట. ఇంత పౌరుషం ఉన్న సీమలో చివరికి గోరు చెప్పిందే తీర్పా? పోనీ, ఆ పరీక్షేదో షాపులోనే చేద్దామంటే షాపాయన ఊరుకోడు. "గోరు గుచ్చినావంటే కొన్నట్టే లెక్క" అంటాడు.

అమెరికా వాళ్లదీ ఇదే బలహీనత. 1970లలో కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. రాళ్లు కొరికి కొరికి పళ్లు పాడు చేసుకునేది. అదే మన వీధిలో అయితే నలుగురినీ పిలిచి చూపించి, వీడియో తీసి స్టేటస్ పెట్టేవాళ్లం. ఆయనకు ఆ మాత్రం అభిమానం లేకపోయింది. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ రిపేరు చేస్తూ పక్కన పడేసిన సస్పెన్షన్ రబ్బరు ముక్కను ఫ్రిట్జ్ వదలకపోవడం చూసి, ఆ వాటంలోనే కాంగ్ అనే రబ్బరు బొమ్మ చేశాడు. లోపల బోలు, నేలకేసి కొడితే ఏ పక్కకు ఎగురుతుందో కుక్కకే కాదు, మనకూ తెలియదు. రాళ్లు నమిలిన కుక్క రబ్బరుకు లొంగింది, ఎంత అవమానం!

ఆ బోలులో ఏదో ఒకటి నింపి ఇవ్వాలి, అది నాకి నాకి తీసుకుంటుంది. దీనికి మనవాళ్లు ఆన్‌లైన్‌లో విదేశీ పీనట్ బటర్ తెప్పిస్తారు. వేరుశనగ జిల్లాలో! ఆ డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం పేరుంటే అది కుక్కకు విషం, అది మాత్రం చదవరు. నాలుగు శెనక్కాయలు వేయించి, పొట్టు తీసి, ఉప్పూ బెల్లం వేయకుండా మిక్సీలో తిప్పితే అయిపోయేదానికి. తిరగమాత వేయని పెరుగన్నం నింపి ఫ్రీజర్లో గడ్డ కట్టించినా బ్రహ్మాండంగా తింటుంది. ఒట్టి పెరుగన్నమేంటని అవ్వ గొణుగుతుంది, గొణగనీండి.

విసిరే బంతుల్లో మన ప్రథమ ప్రాధాన్యం టెన్నిస్ బంతికే, ఎందుకంటే పిల్లలు క్రికెట్ ఆడి వదిలేసింది మిద్దె మీద ఊరికే దొరుకుతుంది. దాని నూగులో మన ఎర్రమన్ను చేరిందంటే పళ్లకు ఉప్పుకాగితం రుద్దినట్టే. పెద్ద కుక్కయితే దాన్ని నొక్కి గొంతులో ఇరికించుకునే ప్రమాదమూ ఉంది. నోట్లోంచి వెనక్కి జారనంత పెద్ద రబ్బరు బంతి కొంటే సరిపోతుంది, కానీ అది కొనాలి కదా. తాడు బొమ్మ లాగుడు ఆటకు మంచిదే. ఆడాక దాన్ని కుక్క దగ్గరే వదిలేసి పోతేనే తంటా, పోగులు మింగితే పేగుల్లో చుట్టుకుని ఆపరేషన్ దాకా తెస్తాయి.

అసలు గట్టి బొమ్మ కోసం ఇంత తపన ఎందుకో నాకు ఆలస్యంగా వెలిగింది. అది అరగకపోతే మనం పక్కన ఉండక్కర్లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా గేటు దగ్గర గొలుసుతో కట్టేసి, ముందర ఒక బొమ్మ పడేసి, సాయంత్రం చెప్పులు చిరిగిపోతే "ఈ కంపెనీ మంచిది కాదప్పా" అనవచ్చు. చెప్పులో మన వాసన ఉంటుంది, బొమ్మలో ఉండదు, ఎవరైనా ఏది కొరుకుతారు?

విసరాలంటే పొద్దున్నే లేవాలి. మేలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఎండెక్కాక పరుగెత్తిస్తే కుక్కకు వడదెబ్బే, ప్రధానంగా రొప్పి చల్లబడే ప్రాణి మరి. అందుకే చాలా ఇళ్లలో ఒక పరిష్కారం నడుస్తోంది: నాన్న కొడుకును లేపుతాడు, కొడుకు అమ్మ పేరు చెబుతాడు, అమ్మ "ఈ కుక్కను తెమ్మని ఎవరు అడిగినారు?" అంటుంది, అంతలో ఎండ వచ్చేస్తుంది. ఇక ఆదివారం అందరూ కలిసి ఇంకా గట్టి బొమ్మ కోసం షాపుకు పోతారు.