పట్టు పట్టడానికి తోడు ఎవరు?

ఉత్తరాంధ్రలో కుస్తీ మాట వస్తే పెద్దవాళ్లు ఇప్పటికీ కోడి రామ్మూర్తి నాయుడి దగ్గరే మొదలుపెడతారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కండలు పెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి మరి. ఆ కథల్లో ఆడపిల్ల లేదు. మన ఆడపిల్లలు గోదా జోలికి పోకుండా ఇనుము పట్టారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. భారత మహిళకు అదే తొలి ఒలింపిక్ పతకం. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లింది.

మరి కుస్తీ ఎందుకు అబ్బలేదు? కూతుళ్లకు తానే కుస్తీ నేర్పిన హరియాణా మల్లయోధుడు మహావీర్ సింగ్ ఫోగట్ లాంటి తండ్రి మనకు లేకపోవడమే కారణమని చాలామంది తేల్చేస్తారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. ఆయన మొండివాడే. ఊరు నవ్వినా కూతుళ్ల జుట్టు కత్తిరించి మట్టిలోకి దింపాడు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గీత స్వర్ణం గెలిచింది, బబిత రజతం తెచ్చింది. 2016లో ఆయనకు ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. కూతుళ్ల ఇష్టం అడిగాడా అన్న ప్రశ్న న్యాయమైనదే, పతకం వచ్చినంత మాత్రాన దానికి జవాబు దొరికినట్టు కాదు.

అయితే బలాలి గ్రామంలోని ఆ ఇంట్లో నలుగురు కూతుళ్లతో పాటు తమ్ముడి కూతుళ్లు వినేశ్, ప్రియాంక కూడా పెరిగారు. మొత్తం ఆరుగురు. మెచ్చుకునేవాళ్లు ఈ లెక్కను పట్టించుకోరు.

బరువులెత్తే పిల్లకు ఒక బార్, నాలుగు ప్లేట్లు, అరచేతులకు రాసుకోవడానికి సుద్దపొడి ఉంటే చాలు, పొద్దున్నే ఒంటరిగానైనా సాధన సాగుతుంది. ఒకే బార్‌ను పదిమంది వంతులవారీగా ఎత్తుకోవచ్చు. కుస్తీ అలా కాదు. నడుము పట్టుకుని కిందికి లాగడానికి, పట్టు విడిపించుకోవడానికి రోజూ తన బరువుకు దగ్గరగా ఉన్న ఇంకో ఒళ్లు కావాలి. ఫోగట్ ఇంట్లో ఆ ఒళ్లకు కరవు లేదు. అక్కను పడేయాలన్న చెల్లెలి కసి ఏ కోచ్ నేర్పితే వస్తుంది?

రేపు శ్రీకాకుళంలో ఒక తండ్రి ఉన్న ఒక్క కూతురినీ మల్లయోధురాలిని చేస్తానని మ్యాట్ కొన్నాడే అనుకుందాం. తోడు దొరక్క ఆయనే ఎదురుగా నిలబడితే, ముప్పై కిలోల పిల్లకు ఎనభై కిలోల నాన్న పట్టు ఏం నేర్పుతుంది?