ఫీజు కాలేజీకి సరే, నెలనెలా ఖర్చు ఎవరి ఖాతాకి?

తీర్మానం: అమ్మాయిల ఉన్నత చదువుకు ప్రభుత్వం ఇచ్చే సాయం కాలేజీ ఖాతాకు కాకుండా విద్యార్థిని సొంత ఖాతాకే జమ కావాలి.

అనుకూలంగా మాట్లాడేది డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు. వ్యతిరేకంగా మాట్లాడేది సంక్షేమ శాఖలో పనిచేసి రిటైరైన అధికారి.

అధ్యాపకురాలు: కన్వీనర్ కోటాలో సీటొచ్చిన పేదింటి అమ్మాయికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితం మీదైనా ఉంటుంది. ఆమె చదువు ఆగేది అక్కడ కాదు సార్. మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, రికార్డులు, ఫోన్ రీచార్జి, ప్యాడ్లు, బస్సు దిగాక ఆటో... ఆగేది వీటి దగ్గర. 2021లో కేంద్రం, పదో తరగతి తర్వాతి చదువుకు ఇచ్చే ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చింది. అందులో మామూలు డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండే విద్యార్థికి ఫీజు కాకుండా ఇచ్చే భత్యం ఏడాదికి 6,000 రూపాయలు. ఇంటి నుంచి వచ్చి చదువుకుంటే 3,000. అంటే హాస్టల్ పిల్లకు నెలకు 500. ఆ 500 కూడా ఏడాది చివర్లో వస్తే ఎవరికి ఉపయోగం? అందుకే డబ్బు అమ్మాయి పేరు మీద, ఆమె చేతికి అందాలంటున్నాను.

అధికారి: భత్యం గురించి మీతో గొడవ లేదు మేడమ్. నా అభ్యంతరమంతా ఫీజు మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. అందిన వారం పది రోజుల్లో కాలేజీకి కట్టాలన్నది షరతు. ఆ ఇంట్లో అదే వారం ఆసుపత్రి బిల్లో, విత్తనాల ఖర్చో, పెద్దమ్మాయి పురుడో వస్తే? డబ్బు అటు పోతుంది. తల్లిని తప్పుపట్టలేం. కానీ కాలేజీ హాల్ టికెట్ ఆపేది ఎవరికి? అమ్మాయికి. యాజమాన్యాలు హైకోర్టుకు వెళ్లాయి, తర్వాత తల్లి, విద్యార్థి కలిసి ఉమ్మడి ఖాతా తెరవమన్నారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీకే ఇస్తామన్నారు. నాలుగేళ్లలో ఇన్ని మలుపులు. ప్రతి మలుపులోనూ బ్యాంకు చుట్టూ తిరిగింది ఆ కుటుంబాలే.

అధ్యాపకురాలు: అది తల్లి ఖాతా. నేను అడిగేది అమ్మాయి ఖాతా. సరే, కాలేజీకే ఇచ్చిన చోట ఏం జరిగిందో చూడండి. తెలంగాణలో బకాయిలు వేల కోట్లకు చేరి, 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. సర్కారు డబ్బు రాని కాలేజీ ముందు పిల్లల చేతే కట్టిస్తుంది, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తామంటుంది. కట్టలేకపోతే టీసీ, మార్కుల మెమోలు ఆపుతుంది. టీసీ లేకపోతే పీజీలో చేరలేదు, ఆ ఏడాది పోతుంది. అబ్బాయైతే ఏదో పనిలో చేరి మరుసటి ఏడాది ప్రయత్నిస్తాడు. అమ్మాయి ఏడాది ఖాళీగా ఇంట్లో ఉందంటే పెళ్లి సంబంధాలు మొదలవుతాయి. ఆలస్యం ఇద్దరికీ ఒకటే, దెబ్బ మాత్రం ఒకటి కాదు.

అధికారి: ఆ ఆలస్యం ఖాతా మారిస్తే పోతుందా? ఫైలు నడిచే దారి చూడండి. విద్యార్థి స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. కాలేజీ పరిశీలించి పంపాలి. జిల్లా సంక్షేమాధికారి మంజూరు చేయాలి. బిల్లు ట్రెజరీకి వెళ్తే టోకెన్ పడుతుంది. అక్కడ ఆగుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మంజూరు ఉత్తర్వు చేతిలో ఉన్నా పైసా రాదు. ఖజానాలో డబ్బు లేనప్పుడు ఏ ఖాతా నంబరు రాసినా ఒకటే. పైగా అమ్మాయి ఖాతా అంటే కొత్త చిక్కులు. ఎస్సెస్సీ మెమోలో పేరు, ఇనీషియల్ ఒకలా, ఆధార్‌లో ఇంటిపేరుతో మరోలా ఉంటాయి. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర చివరగా ఏ బ్యాంకు ముడిపడి ఉందో అందులోకే పోతుంది. సిమ్ కొన్నప్పుడు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా అక్కడ ముడిపడి ఉంటే, డబ్బు అందులో పడుతుంది. అలాంటి ఖాతా ఉందని కూడా ఆ పిల్లకు గుర్తుండదు. పూర్తి కేవైసీ, అంటే గుర్తింపు పత్రాల పరిశీలన, లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో ఏడాది మొత్తం జమ లక్ష దాటకూడదు, నెలకు తీసుకోగలిగేది 10,000. ఇంజనీరింగ్ ఫీజు అందులో వేస్తే ఏమవుతుంది? ఒకేసారి తీసి కట్టలేదు. నెలకు 10,000 చొప్పున తీసి కట్టడానికి నెలలు పడుతుంది.

అధ్యాపకురాలు: మీరు చెప్పిన ప్రతి చిక్కూ నిజమే, కానీ ఒక్కటి కూడా జూలైలో సరిచేయలేనిది కాదు. అడ్మిషన్ వారంలోనే బ్యాంకు వాళ్లను కాలేజీకి పిలిపించాలి. ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడిందో అక్కడే చూడాలి, తప్పుంటే అక్కడే మార్పించాలి. చిన్న ఖాతాకు పూర్తి కేవైసీ చేయించాలి. పేర్లు కలవకపోతే ఎస్సెస్సీ మెమో ప్రకారం ఆధార్ దిద్దించాలి. ఆదాయ ధ్రువపత్రం పాతదైతే మీసేవలో అప్పుడే కొత్తది తీయించాలి. ఇంకొక్కటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బ్యాంకు మెసేజ్ వెళ్లే నంబరు అమ్మాయిదై ఉండాలి. నాన్న ఫోనుకో అన్న ఫోనుకో మెసేజ్ వెళ్తే, డబ్బు పడిన సంగతి ఆమెకు ఆఖరున తెలుస్తుంది.

అధికారి: నంబరు మార్పించగలరు. ఏటీఎం కార్డు అన్న జేబులో ఉంటే ఏం చేస్తారు?

అధ్యాపకురాలు: అన్న జేబులో ఉండొచ్చని డబ్బు కాలేజీకి ఇచ్చేస్తే, ఆ కార్డు ఎప్పటికీ ఆమె చేతికి రాదు. తమిళనాడు ఏం చేసిందో చూడండి. మూవలూర్ రామామిర్తం అమ్మైయార్ పేరిట పెళ్లికి ఇచ్చే సాయాన్ని ఆపి, ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన అమ్మాయిలకు, డిగ్రీయో డిప్లొమాయో పూర్తయ్యేదాకా నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం 2022 సెప్టెంబరులో మొదలుపెట్టింది. నేరుగా అమ్మాయి ఖాతాకే. తెలంగాణలో పెళ్లికి ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు. అదే డబ్బు నెలకు 1,000 చొప్పున ఇస్తే ఎనిమిదేళ్లు దాటి వస్తుంది. డిగ్రీ, పీజీ, బీఈడీ అన్నీ అయిపోతాయి.

అధికారి: కల్యాణలక్ష్మిని తేలిగ్గా తీసేయకండి మేడమ్. వధువుకు 18 నిండాలన్న షరతు అందులో ఉంది, అప్పు చేసి పెళ్లి చేసే ఇంటికి అది ఊపిరి. ఒకదాన్ని ఆపి మరొకటి ఇవ్వమనడం నాకు సమ్మతం కాదు. సాంకేతిక కోర్సుల అమ్మాయిలకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ గురించి చెప్పండి, ఒప్పుకుంటాను. ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా, నేరుగా విద్యార్థిని ఖాతాకే. అక్కడ సమస్య ఖాతాది కాదు, రెన్యువల్‌ది. ప్రతి ఏడాదీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మళ్లీ దరఖాస్తు చేయాలని తెలియక, మొదటి ఏడాది డబ్బుతోనే ఆగిపోయేవాళ్లున్నారు. ఆ పనికి కాలేజీలో మనిషి కావాలి.

అధ్యాపకురాలు: హాజరు సంగతీ చూడాలి. 75 శాతం లేకపోతే రీయింబర్స్‌మెంట్ రాదు. చదువు మధ్యలో పెళ్లై గర్భంతో ఉన్న అమ్మాయిలు ఆ లెక్కలో పోతారు. ప్రసూతి సెలవు, హాజరు సడలింపు డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా వర్తించేలా నిబంధనలు చేసుకోమని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2021 డిసెంబరులోనే విశ్వవిద్యాలయాలకు రాసింది. ఆ సడలింపు స్కాలర్‌షిప్ హాజరులోనూ లెక్కకు రావాలి.

అధికారి: అది న్యాయమే. సరే, ఫీజు కాలేజీకి, భత్యం అమ్మాయి సొంత ఖాతాకి. ఇంతవరకు ఒప్పుకుంటాను. బస్సు ఖర్చు కూడా చాలావరకు తగ్గింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆ మిగులు చూసుకుని భత్యం పెంచక్కర్లేదంటుంది ఆర్థిక శాఖ.

అధ్యాపకురాలు: బస్సు ఉచితమైనంత మాత్రాన మెస్ బిల్లు తగ్గదు సార్. నా తీర్మానంలోంచి ఫీజును వదులుకుంటాను, కానీ ఒక షరతు. ఖజానాలో డబ్బు తక్కువున్నప్పుడు ముందు విడుదల కావాల్సింది భత్యం. అది చిన్న మొత్తం. కాలేజీ బ్యాంకులో అప్పు తెచ్చుకోగలదు, హాస్టల్లో ఉన్న పిల్లకు అప్పిచ్చేవాళ్లు లేరు.

అధికారి: అక్కడ ఒప్పుకోను. ఫీజు ఆగితే లెక్చరర్లకు జీతాలు ఆగుతాయి, అది మీకే బాగా తెలుసు. కాలేజీ మూతపడ్డాక చేతిలో భత్యం ఉండి ఆ పిల్ల ఏ క్లాసుకు వెళ్తుంది?

అధ్యాపకురాలు: జీతం రెండు నెలలు ఆగిన లెక్చరర్ మూడో నెల మళ్లీ క్లాసుకు వస్తారు. మెస్ బిల్లు కట్టలేక సంచి సర్దుకున్న పిల్ల రాదు. సెమిస్టర్ మొదలయ్యే ముందే, జూలై, డిసెంబరు నెలల్లో, భత్యం రెండు విడతలుగా పడాలి. ట్రెజరీలో దానికి ప్రత్యేక పద్దు పెట్టమనండి, ఫీజు బిల్లుల వరసలో కలపొద్దనండి.

అధికారి: ప్రత్యేక పద్దు పెట్టొచ్చు. కానీ ఆ పద్దులో డబ్బు వేరే పథకానికి మళ్లించకుండా జీవోలో రాయించగలిగితేనే నేను సంతకం పెడతాను.